నోన్నా వాళ్ళ నాన్న కట్టిన గోడ

నోన్నా పోయిందని ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ పార్కింగ్‌లో కార్ ఆపి, సీట్‌లోనే కూర్చుని టిఫిన్ బాక్స్ మూత తీస్తున్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయింది. నీకు ముందుగా చెప్పాలనిపించింది" అంది. ఫోన్ పెట్టేశాక బాక్స్ మూత మళ్ళీ బిగించేశాను. తినబుద్ధి కాలేదు. లోపలికి వెళ్తూ వెళ్తూ, ఎందుకు చేశానో తెలియదు, మా బిల్డింగ్ లాబీ గోడను వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను. బోలుగా మోగింది. సెక్యూరిటీ అతను తలెత్తి చూశాడు.

అలా తట్టడం ఆవిడ అలవాటు. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు గోడ తట్టేది. తరువాతే మనుషుల్ని పలకరించేది.

న్యూయార్క్‌కి గంట దూరంలో, పార్సిప్పనీలో మేముండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఆవిడది మా కింది ఫ్లాట్. కాంప్లెక్స్‌లో సగం మంది మనవాళ్ళే. ప్రాజెక్ట్ మారితే ఏడాదికో రెండేళ్ళకో పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ మాత్రం భర్త పోయినప్పటి నుంచీ అక్కడే ఉంది. అందరూ నోన్నా అనే పిలిచేవారు. ఇటాలియన్‌లో అమ్మమ్మ అని అర్థం. మేమూ అలాగే పిలిచాం. ఆవిడ నన్ను "అమ్మాయ్" అనేది, వాళ్ళ భాషలో. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా పాతది, నా దానికన్నా ఎక్కువ విరిగినది. ఇక్కడ ఆవిడ మాటలుగా రాస్తున్నవన్నీ ఆ విరిగిన ఇంగ్లీషుకు నా తెలుగు.

మేము పైన దిగిన కొత్తలో మా షారన్‌కి అయిదేళ్ళు. సోఫా మీంచి కిందికి దూకడమే దానికి ఆట. ఒక మధ్యాహ్నం కింద నుంచి చీపురు కర్రతో టకటకా పొడిచిన చప్పుడు వచ్చింది. కొత్త చోటు, మొదటి వారమే గొడవ ఎందుకని గిన్నెలో పులిహోర పెట్టుకుని కిందికి వెళ్ళాను. తలుపు తీసిన మనిషి నా మొహం చూడలేదు. గిన్నె చూసింది. మూత తీసి వాసన చూసింది.

"నిమ్మకాయ కాదు" అంది.

"చింతపండు" అన్నాను.

ఇంకోసారి వాసన చూసి, "లోపలికి రా" అంది. నేను సారీ చెప్పబోతే చెయ్యి అడ్డం ఊపింది. "పాపని దూకనీ. రెండింటి నుంచి మూడింటి వరకు మాత్రం వద్దు. ఆ గంట నేను చచ్చిపోయి ఉంటాను." అంటే నిద్రపోతానని.

మరుసటి వారం గిన్నె తిరిగివ్వడానికి పైకి వచ్చింది. గుమ్మంలోనే ఆగి గోడ తట్టింది. హాల్లోకి వచ్చి ఆ గోడ తట్టింది. "కార్డ్‌బోర్డ్" అంది అసహ్యంగా. "ఈ దేశంలో ఇల్లు కట్టరు. పార్సెల్ కడతారు." మా ఆయన పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. తాపీ పనివాడి కూతురు, తాపీ పనివాడి పెళ్ళాం. గోడల విషయంలో ఆవిడకి పరాచకాలు లేవు.

తట్టేటప్పుడు ఎడమ చెయ్యి వాడేది. ఆ చేతి చిటికెన వేలికి చివరి కణుపు లేదు. చిన్నప్పుడు ద్రాక్ష కొమ్మలు కత్తిరించే కొడవలి తగిలి తెగిందని ఒకసారి చెప్పింది, ఏదో బొత్తాం ఊడిపోయిందన్నంత తేలిగ్గా.

రెండో అలవాటు వాసన. ఏదీ ముందు వాసన చూడకుండా ఒప్పుకునేది కాదు. స్టోర్‌లో టమాటాలు, చుట్టాలు తెచ్చిన కేకు, నా గోంగూర పచ్చడి, షారన్ కొత్త స్కూల్ బ్యాగు. గోంగూర సీసా మీద ముక్కు పెట్టి కళ్ళు మూసుకుని, "దీనిలో మట్టి ఉంది. మంచి మట్టి" అంది. ఆ తరువాత నుంచి నెలకో సీసా ఆవిడకి పక్కన పెట్టాల్సి వచ్చింది. రొట్టె మీద రాసుకుని తినేది. రొట్టె ముక్క కింద పడితే తీసి ముద్దు పెట్టుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేది. అన్నం తొక్కితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని, ఆ ఒక్క పనితో ఆవిడ నాకు సొంత మనిషైపోయింది.

మధ్యాహ్నం భోజనంలో చిన్న గ్లాసుడు ఎర్ర వైన్ తాగేది. పెద్ద జగ్గు లాంటి సీసాలో వచ్చే మామూలు రకం. అందులోనూ కాసిని నీళ్ళు కలిపేది. మొదటిసారి నాకూ గ్లాసు పెట్టబోతే, "మేం తాగం నోన్నా, చర్చికి వెళ్ళేవాళ్ళం" అన్నాను.

ఆవిడ సీసా గాల్లోనే ఆపేసింది. "చర్చికి వెళ్ళేవాళ్ళు తాగకపోతే ఇంకెవరు తాగుతారు?"

మా తెలుగు చర్చిలో ప్రభు బల్లకి కూడా గ్రేప్ జ్యూసే వాడతామని చెప్తే చాలా జాలిపడింది. ఆ రోజు నుంచి నాకు గ్లాసులో ద్రాక్షపళ్ళు వేసి పెట్టేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. షారన్‌కి పదమూడేళ్ళొచ్చాయి. ఆ డిసెంబర్‌లో మా మేనేజర్ టీమ్‌లో అందరికీ తలా ఒక వైన్ సీసా గిఫ్ట్ ఇచ్చాడు. ఇటలీది, ఎన్నో ఏళ్ళు నిలవ ఉంచినదట. మాకెందుకని సాయంత్రం నేరుగా నోన్నా దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ ఎప్పటిలాగే ముందు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది, మూత తియ్యకుండానే. తరువాత కళ్ళద్దాలు పెట్టుకుంది. లేబుల్ చూసింది. చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడింది.

లేబుల్ మీద ఒక బొమ్మ. కొండ మీద పెద్ద మేడ. మేడ దాకా దారి పొడుగునా రెండు వరసల్లో మన సరుగుడు చెట్ల లాంటి సన్నటి పొడుగాటి చెట్లు. కింద మెట్లు మెట్లుగా ద్రాక్షతోట. నోన్నా వేలు ఆ బొమ్మ మీద పాకింది. మేడ దాటి, తోట దాటి, బొమ్మ అంచు దగ్గర ఆగింది.

"ఇక్కడ మా ఇల్లు. గీయలేదు" అంది.

ఆ ఎస్టేట్ పేరు నేను రాయను. వైన్ గురించి తెలిసినవాళ్ళకి తెలిసే పేరే. టస్కనీ కొండల్లో వందల ఏళ్ళుగా ఒకే కౌంట్‌ల, అంటే మన జమీందార్ల లాంటివాళ్ళ, వంశం చేతిలో ఉన్న తోట. మేడలో కౌంట్‌గారు, కింద సగపాలుకి పనిచేసే పన్నెండు కుటుంబాలు. గోధుమలో సగం, ఆలివ్ నూనెలో సగం, కోళ్ళు పెట్టే గుడ్లలో కూడా మేడకి వాటా. మంచి ద్రాక్ష అంతా మేడ కింద నేలమాళిగకి పోయేది. అక్కడ ఓక్ పీపాల్లో కొన్నేళ్ళు, సీసాల్లో ఇంకొన్నేళ్ళు మాగేది. పిండేసిన తొక్కుల మీద నీళ్ళు పోసి నానబెడితే వచ్చే లేత గులాబీ రంగు నీళ్ళు పాలివాళ్ళకి.

"మా వైన్ అదే" అంది నోన్నా. "కానీ వాసన మాదే. నేలమాళిగ తలుపు తెరిస్తే ఆ వాసన తోటంతా వచ్చేది. దాన్ని సగం చేసి పంచలేరు కదా."

సీసా మెడకి దారంతో కట్టిన చిన్న పుస్తకం ఉంది. ఆవిడకి సన్న అక్షరాలు ఆనవు. చదవమంది. ఆ ఎస్టేట్ చరిత్ర. యుద్ధకాలంలో జర్మన్ సైనికులు వస్తున్నారని తెలిసి, ఆ రోజుల కౌంట్‌గారు తానే తాపీ పట్టుకుని, అతి పాత వైన్ సీసాలున్న గదికి అడ్డంగా గోడ కట్టేశాడట. పక్కనే ఆడుకుంటున్న ఆయన చిన్న కొడుకు పచ్చి గోడ మీద అరచెయ్యి అద్దాడట. యుద్ధం అయ్యాక గోడ మధ్యలో పగలగొట్టి తలుపు పెట్టినా, మిగతా గోడా ఆ చేతి ముద్రా అలాగే ఉన్నాయట. చూడడానికి వచ్చేవాళ్ళు ఇవాళ్టికీ ఆ ముద్ర మీద తమ చెయ్యి పెట్టి చూసుకుంటారట.

"మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఆవిడ ఎడమ అరచేతిని బల్ల మీద పరిచింది.

"ఆ చెయ్యి నాది."

తరువాత చెప్పింది, ముక్కలు ముక్కలుగా, మధ్యలో లేచి పొయ్యి మీది సాస్ కలుపుకుంటూ. అప్పటికి ఆవిడకి ఏడేళ్ళు. పన్నెండు కుటుంబాల్లోనూ తాపీ పని వచ్చినవాడు వాళ్ళ నాన్న ఒక్కడే. ఆ మధ్యాహ్నం కౌంట్‌గారు తానే వాళ్ళ ఇంటికి నడిచొచ్చి బతిమాలాడు. "కౌంట్‌గారి చేతులు మీగడ లాంటివి. తాపీ ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. కానీ ఆ రోజు రాళ్ళు మోశాడు. అది నిజం. అబద్ధం ఎందుకు చెప్పాలి?" కొత్త గోడ అని తెలియకూడదని నాన్న పాత పందుల దొడ్డి రాళ్ళు ఊడదీసి తెచ్చాడు. సున్నంలో మసీ, పీపాల అడుగున మిగిలిన మడ్డీ కలిపాడు. నీళ్ళు మోసింది కూతురు. "గోడ అబద్ధమాడకూడదు. ఆడక తప్పకపోతే ఎవరూ పట్టుకోలేనట్టు ఆడాలి" అన్నాడట నాన్న.

సాయంత్రానికి గోడ లేచింది. నాన్న పనిముట్లు కడుక్కోవడానికి వెళ్ళాడు. కింద మూల పచ్చి సున్నం మెత్తగా, చల్లగా, తన ఎత్తుకి సరిగ్గా ఉంది. చెయ్యి అద్దేసింది. అద్దాక భయం వేసింది. చెరుపుదామనుకునేసరికి రోడ్డు మీద ట్రక్కుల చప్పుడు. ఖాళీ ద్రాక్షబుట్టలు నాలుగు లాక్కొచ్చి దానికడ్డంగా పెట్టి, ఒక బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

ముగ్గురు సైనికులు దిగారు. ముందున్న పీపాల్లోది ముంచుకుని తాగారు. అందులో ఒకడు, మరీ కుర్రవాడు, అలిసిపోయి ఆ పిల్ల పక్కనే ఆగి గోడకి చెయ్యి ఆనించాడు. తడి తగిలింది. చెయ్యి తీసి చూసుకున్నాడు. పిల్లని చూశాడు. మళ్ళీ చెయ్యి చూసుకున్నాడు. ప్యాంటుకి తుడుచుకుని మిగతా ఇద్దరి దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. ముగ్గురూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

"ఏమన్నాడు?"

"ఏమో. నాకు జర్మన్ రాదు" అంది నోన్నా. "ఎనభై ఏళ్ళుగా అదే ఆలోచిస్తున్నాను."

మర్నాడు బుట్టలు తీసినప్పుడు నాన్న ఆ ముద్ర చూశాడు. తిట్టలేదు. కౌంట్‌గారు దాన్ని పూడ్చెయ్యమన్నాడు. "అలాగే" అన్నాడు. తరువాతి ఏడాది మళ్ళీ అడిగితే మళ్ళీ "అలాగే" అన్నాడు. కుటుంబం ఆ తోట వదిలి పట్నానికి పోయేదాకా అలాగే అంటూనే ఉన్నాడు.

ఆ చలికాలం నోన్నా మారిపోయింది. సీసా అల్మరాలో పెట్టేసింది. భోజనంలో వైన్ మానేసింది. గోడలు తట్టడం మానేసింది. నేను వెళ్తే ఆ చిన్న పుస్తకం బల్ల మీదే కనిపించేది. ఫ్లోరిడాలో ఉండే కూతురు ఫోన్‌లో "వదిలెయ్యి మమ్మా, ఎవరిక్కావాలి అది" అంటే వెంటనే ఫోన్ పెట్టేసిందట. నాతో ఒక్క మాటే అంది. "వాళ్ళు వైన్ తీసుకున్నారు. సరే, వాళ్ళ తోట. నా చెయ్యి కూడా తీసుకున్నారు."

ఎస్టేట్‌కి ఈమెయిల్ రాస్తానంటే మా ఆయన కంగారుపడ్డాడు. "పాపం పెద్దావిడ, ఎప్పటి సంగతో మిక్స్ చేసుకుని ఉంటుంది. మనం గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాం. ఫారిన్ కంపెనీతో మనకి ఇష్యూస్ ఎందుకు చెప్పు? లైట్ తీస్కో."

"గ్రీన్ కార్డ్‌కీ ద్రాక్షతోటకీ ఏంటండీ సంబంధం?"

"ఏమో. ఏదీ టచ్ చేయకుండా ఉండడం బెటర్."

రాశాను. రెండు వారాలకి జవాబొచ్చింది. మా చరిత్ర మీద మీ ఆసక్తికి ధన్యవాదాలు, టూర్ వేళలు ఇందుతో జతపరిచాం అని. అది నోన్నాకి చూపించలేదు.

దారి దొరికింది షారన్ వల్ల. వేసవి మొదట్లో ఒకరోజు ఫోన్ పట్టుకుని కిచెన్‌లోకి వచ్చింది. "అమ్మా, వాళ్ళు న్యూయార్క్ వస్తున్నారు. టేస్టింగ్ ఈవెంట్. లైక్, ఓనర్ లేడీ వస్తుంది, పర్సనల్‌గా. నోన్నాని తీసుకెళ్ళాలి మనం. ఐ మీన్ ఇట్, అమ్మా. బుక్ చెయ్యి."

శనివారం మధ్యాహ్నం. నోన్నా ముదురు నీలం గౌను వేసుకుని, జుట్టు ముడి వేసుకుని, ముందే కింద బెంచీ మీద కూర్చుని ఉంది. సిటీకి డ్రైవ్ చేస్తున్నంతసేపూ వెనక సీట్‌లో తనలో తాను ఇటాలియన్‌లో ఏదో గొణుక్కుంటూనే ఉంది. గొంతు ఒక్కోసారి లేచేది. రిహార్సల్ అని తెలుస్తూనే ఉంది. అవి తీపి మాటలు కావని కూడా తెలుస్తోంది.

పాత హోటల్‌లో పెద్ద హాలు. లోపలికి వెళ్తూనే నోన్నా గోడ తట్టింది. గట్టిగా ఉంది. "ఇది గోడ" అంది. నెలల తరువాత ఆవిడ గోడ తట్టడం చూశాను. నాకు ధైర్యం వచ్చింది.

ఓనర్‌కి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ కౌంట్‌గారి మనవరాలు. తెర మీద తోట బొమ్మలు చూపిస్తూ కథ చెప్పింది. తాతయ్య, గోడ, సైనికులు. చివర్లో చేతి ముద్ర ఫోటో తెర నిండా వచ్చింది. "ఇది మా నాన్నగారి చెయ్యి. పోయిన ఏడాది ఆయన వెళ్ళిపోయారు. చిన్నప్పుడు రోజూ నా చెయ్యి ఇందులో పెట్టుకునేదాన్ని" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నోన్నా చప్పట్లు కొట్టలేదు. జనం పల్చబడేదాకా ఆగింది. తరువాత నా మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. బల్ల అవతల ఆమె నవ్వుతూ గ్లాసు అందించబోయింది. నోన్నా గ్లాసు అందుకోలేదు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద ఎడమ చెయ్యి పెట్టింది, వేళ్ళు విడదీసి.

ఆమె ఆ చేతిని చూసింది. అర్థం కాక నన్ను చూసింది. తెర మీది ఫోటో ఇంకా అలాగే ఉంది. వెనక్కి తిరిగి దాన్ని చూసింది. ఆ ముద్రలో కూడా చిటికెన వేలు పొట్టిగా ఉంది.

"అక్కడ సున్నం పెచ్చు ఊడిందనుకునేవాళ్ళం, ఎప్పుడూ" అంది నాతో, ఇంగ్లీషులో, చాలా మెల్లగా.

ఆమె మొహంలోకి వచ్చింది సంతోషం కాదు. చేతిలో ఉన్నది ఎవరో లాక్కుంటే చిన్నపిల్లల మొహం ఎలా అవుతుందో అలా అయింది. అప్పుడు నాకు తెలిసింది, మేము ఆమెకి నిజం చెప్పడానికే కాదు, ఆమె నాన్న చేతిని తీసేసుకోవడానికి కూడా వచ్చామని. నోన్నాకి అది నాకన్నా ముందే తెలిసినట్టుంది. కొన్ని క్షణాలు ఆమె మొహం వంకే చూసింది. తరువాత బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె పక్కన కుర్చీలో కూర్చుంది.

వాళ్ళు మాట్లాడుకున్నది ఇటాలియన్‌లో. నాకు చేతులు, మొహాలు మాత్రమే అర్థమయ్యాయి. మిగతాది తిరుగు దారిలో టన్నెల్ ముందు ట్రాఫిక్ ఆగినప్పుడు నోన్నా చెప్పింది.

"మీ నాన్న కూడా అక్కడే ఉన్నాడు అని చెప్పాను. ఉన్నాడు, నిజంగానే. నాకన్నా ఏడాది చిన్న. మా నాన్న వెంటే తిరిగేవాడు. వాడి చెయ్యి కూడా అద్దిద్దామని పట్టుకుని లాగాను. బట్టలు పాడైతే ఇంట్లో కొడతారని ఏడ్చాడు. చివరికి ఒక్క వేలితో, నా చేతికి జానెడు దూరంలో, చిన్న గీత గీసి పారిపోయాడు. ఆ గీత ఉందా అని అడిగాను."

"ఉందా?"

"ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చూసింది. ఉంది. చూశావుగా, ఎలా ఏడ్చిందో, ఎలా నవ్విందో."

చూశాను. ఆమె ఆ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, నోన్నా భుజానికి తల ఆనించడం కూడా చూశాను. తరువాత పెన్ను తీసుకుని నోన్నా వాళ్ళ నాన్న పేరు అడిగింది. నోన్నా అక్షరం అక్షరం చెప్పింది. రాసింది తీసుకుని దగ్గరగా పెట్టుకుని సరిచూసింది. ఒక అక్షరం దిద్దించింది. ఆ తరువాతే గ్లాసు అందుకుంది. నలభై ఏళ్ళ నాటి వైన్. వెనక క్యూలో ఉన్నవాళ్ళు కాళ్ళు మార్చుకునేంతసేపు వాసన చూసింది. ఒక గుక్క తాగింది.

"ఎలా ఉంది నోన్నా?"

"బాగుంది. నాకు వాసనే అలవాటు."

టన్నెల్ దాటాక పెద్దగా నిట్టూర్చింది. "ఎన్ని తిట్లు సిద్ధం చేసుకున్నానో అమ్మాయ్. మంచి మంచి తిట్లు. అన్నీ వేస్ట్ అయిపోయాయి."

శరత్కాలం మొదట్లో ఇటలీ నుంచి పార్సెల్ వచ్చింది. అందులో ఒక ఫోటో. గోడ పక్కన కొత్తగా పెట్టిన రాతిపలక మీద నోన్నా వాళ్ళ నాన్న పేరు, కింద ఆవిడ పేరు. ఫోటో కింద గడ్డిలో చుట్టిన సీసా. లేబుల్ లేదు. ఆ గోడ వెనక ఉన్నవాటిలో మిగిలిన కొద్ది సీసాల్లో ఒకటట.

ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని ముగ్గుర్నీ భోజనానికి పిలిచింది. కార్క్ తియ్యబోతే పొడి పొడిగా రాలిపోయింది. టీ వడకట్టే జల్లెడతో వడకట్టాం. ఎర్ర వైన్ అనడానికి లేదు. తేట కషాయం రంగు. నోన్నా నాలుగు గ్లాసుల్లో అంగుళమేసి పోసింది.

"పాపకి వాసన మాత్రమే" అంది. "వాసనకి వయసు అక్కర్లేదు."

మా ఆయన గ్లాసు పట్టుకుని నా వైపు వంగాడు. "చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పకు ప్లీజ్. నేను సెక్రటరీని." గ్లాసు ఖాళీ చేసింది ఆయనే ముందు.

నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వానకి తడిసిన ఎండుటాకులు, పాత తోలు, ఎక్కడో అడుగున ఒక ఎండిన పండు. పెదవి తడుపుకున్నాను. నా జన్మలో తాగిన వైన్ అదొక్కటే. పదిహేను నిమిషాల్లోనే అది మా కళ్ళ ముందే పల్చబడిపోయింది. రెండోసారి వాసన చూస్తే ఆకులే మిగిలాయి, మూడోసారి నీళ్ళు. నాకు బాధేసింది. ఎనభై ఏళ్ళు దాచింది ఇంతేనా అని.

నోన్నా మాత్రం తృప్తిగా ఉంది. "ముసలాయన. చెప్పాల్సింది చెప్పాడు, పడుకున్నాడు" అంది. లేచి పాస్తా వడ్డించింది. పాత జగ్గులోంచి నీళ్ళు కలిపిన మామూలు వైన్ పోసుకుంది.

పోయిన చలికాలం మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రిహాబ్ సెంటర్‌లో ఉంచారు. అక్కడి నుంచి కూతురు ఫ్లోరిడా తీసుకెళ్ళే ఏర్పాట్లు చేస్తుండేది. నేను శనివారాలు వెళ్ళేదాన్ని. తినగలిగింది తక్కువ. గోంగూర సీసా మూత తీసి దగ్గర పెడితే వాసన చూసి మూసెయ్యమనేది.

చివరిసారి వెళ్ళినప్పుడు చలిగా ఉన్నా ఎండ కాసింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మా నాన్న పేరు నీకు తెలుసు. మీ నాన్న పేరు నాకు చెప్పలేదు."

చెప్పాను. టీచర్‌గా చేసేవాడని చెప్పాను.

"వాళ్ళ నాన్న?"

"యేసోబు."

"వాళ్ళ నాన్న?"

నాకు తెలియదు. మా ఇంట్లో కథ ఎప్పుడూ తాతయ్య బాప్తిస్మంతో, ఆయన బడికి వెళ్ళడంతో మొదలవుతుంది. అంతకుముందు సంగతి అడిగితే "పొలం పనులు చేసేవాళ్ళు" అనేవాళ్ళు. అక్కడితో మాట తెగిపోయేది. ఎవరి పొలమో మాకందరికీ తెలుసు. ఆ ఆసామి పేరు, ఆయన మేడ, ఆయన గుర్రం బండి గురించి కూడా తెలుసు. పని చేసినవాడి పేరు నేనెప్పుడూ అడగలేదు. ఎదుటివాళ్ళకి చెప్పాల్సి వస్తుందనే అడగలేదేమో. నోన్నా చెయ్యి నా చేతిలో ఉండగా నాకు సిగ్గేసింది.

"ఒక్క నిమిషం" అని కారిడార్‌లోకి వచ్చి అమెరికాలోనే హెర్న్‌డన్‌లో కొడుకు దగ్గరుండే మా మేనత్తకి ఫోన్ చేశాను.

"ఏమే, ఈ వేళప్పుడు చేశావ్, అంతా బానే ఉన్నారా?"

"బానే ఉన్నాం అత్తా. తాతయ్య వాళ్ళ నాన్న పేరేంటి?"

"ఎందుకే ఇప్పుడు? గ్రీన్ కార్డ్ ఫారమ్‌లో అడిగారా?"

"లేదత్తా. ఊరికే."

"ఊరికే ఎవరడుగుతారే అది. నన్నింతవరకు ఒక్కళ్ళూ అడగలా." గొంతు సవరించుకుంది. "పోలయ్య. మా నాన్న చెప్పేవాడు. నీళ్ళు ఎటు పారతాయో నేల వంక చూసి చెప్పేవాడంట. మన ఊళ్ళో ఆ కాలవ లేదూ, దానికి దారి చూపించి తవ్వించింది ఆయనేనంట. ముందు పార ఆయనదేనంట."

"ఏ కాలవ అత్తా?"

"అదేనే, కరణంగారి కాలవ."

ఆ కాలవ గట్టు మీద నేను చిన్నప్పుడు బడికి నడిచాను. ఆ పేరు వెయ్యిసార్లు పలికాను.

లోపలికి వచ్చి నోన్నాకి అంతా చెప్పాను. కాలవ సంగతి, దానికి ఎవరి పేరుందో ఆ సంగతి. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తలూపింది.

"ఆయన పేరు?"

"పోలయ్య."

"మళ్ళీ చెప్పు."

చెప్పాను. ఇన్నేళ్ళలో ఇక్కడ మా పేర్లన్నీ ఎవరి నోట్లో పడినా నలిగిపోవడమే చూశాను. ఆఫీస్‌లో సరే, షారన్ కూడా ఒత్తులు తేల్చేస్తుంది. నోన్నా పెదవులు కదిపి ఒకసారి లోలోపల అనుకుంది. తరువాత పైకి అంది. "పోలయ్య." ఆ చివరి ఒత్తు దగ్గర ఎంత ఆగాలో అంతే ఆగి, మా మేనత్త అన్నట్టే అంది. నేను బాగుందన్నట్టు తలూపాను. ఆవిడ నా వైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి ఇంకోసారి అంది, అక్కడెవరో ఉంటే పిలిచినట్టు.